సినిమా, యువత, ప్రకటనలు: తరచుగా అడిగే ప్రశ్నలు

మీడియా చదువుకునే విద్యార్థులు, మొదటిసారి థియేటర్‌లో యాడ్ ఇవ్వాలనుకునే వ్యాపారులు, పిల్లలు హాళ్ల చుట్టూ తిరుగుతున్నారని బెంగపడే తల్లిదండ్రులు, సినిమా అంటే ప్రాణం పెట్టే కుర్రవాళ్లు, అమ్మాయిలు తరచూ అడిగే ప్రశ్నలివి. నేను నమ్మే మాట ముందే చెప్తాను. యువత టికెట్ కొనేది తెర మీది బొమ్మ కోసం ఎంతో, పక్క సీట్లో కూర్చునే మనుషుల కోసం కూడా అంతే. ప్రకటనదారు కొనేది మాత్రం ఆ కాసేపు వాళ్లు తెరకు అప్పగించిన మనసును. ఈ రెండు బేరాలూ ఒకే చీకటి గదిలో జరుగుతాయి కాబట్టి రెండింటినీ కలిపే చూడాలి.

ఫోన్‌లోనే అన్నీ దొరుకుతున్నాయి కదా, యువత ఇంకా హాలుకు ఎందుకు వెళ్తున్నారు?

ఇల్లు దాటి వెళ్లడానికి. ఇది చిన్న కారణంలా వినిపిస్తుంది కానీ పద్దెనిమిది, ఇరవై ఏళ్ల వయసులో ఇంతకన్నా పెద్ద కారణం లేదు. ఆ వయసులో సొంత చోటు అంటూ ఉండదు. ఇంట్లో పెద్దవాళ్లుంటారు, కాలేజీలో లెక్చరర్లుంటారు, ఉద్యోగంలో చేరితే పైన ఒకరుంటారు. హాల్లో లైట్లు ఆరిన తర్వాత మాత్రం రెండు మూడు గంటలపాటు "ఏం చేస్తున్నావు, ఎవరితో ఉన్నావు" అని అడిగేవాళ్లుండరు. అక్కడ ఏడ్చినా, ఈల వేసినా ఎవరూ తప్పుపట్టరు.

రెండో కారణం నలుగురితో కలిసి చూడటం. ఒంటరిగా చూస్తే చిరునవ్వుతో సరిపెట్టుకునే జోక్‌కి నిండు హాల్లో పొట్ట పట్టుకుని నవ్వుతాం. నవ్వు అంటుకుంటుంది, భయం అంటుకుంటుంది, నిశ్శబ్దం కూడా అంటుకుంటుంది. ఫోన్ తెర బొమ్మను చూపించగలదు కానీ ఆ మూడు వందల మందిని తెచ్చి పక్కన కూర్చోబెట్టలేదు. ఇక మూడోది, బయటికొచ్చాక జరిగే చర్చ. సినిమా బాగుందా లేదా, హీరో చేసింది న్యాయమేనా, ఆ అమ్మాయి అలా వెళ్లిపోవడం కరెక్టేనా అని వాదించుకుంటారు. ఆ వంకతో తమ గురించి తాము చెప్పుకుంటారు. కొత్తగా పరిచయమైన ఇద్దరికి మాట్లాడుకోవడానికి ఏ విషయమూ లేనప్పుడు, కలిసి చూసిన సినిమా ఆ పని చేసిపెడుతుంది.

ఈ వయసుకీ సినిమాకీ ఇంత గట్టి ముడి ఎందుకు పడుతుంది?

మనస్తత్వ శాస్త్రంలో దీనికి కొన్ని మంచి జవాబులున్నాయి. 2000లో జెఫ్రీ ఆర్నెట్ అనే పరిశోధకుడు సుమారు 18 నుంచి 25 ఏళ్ల మధ్య కాలాన్ని ప్రత్యేకమైన దశగా గుర్తించాలని ప్రతిపాదించాడు. కౌమారం దాటినా పూర్తి పెద్దరికం రాని దశ అది. ప్రేమ ఎవరితో, పని ఏమిటి, నేను ఎలాంటి మనిషిని అనే మూడు ప్రశ్నలూ అప్పుడు ఒకేసారి తెరిచి ఉంటాయి. సినిమా సరిగ్గా ఆ మూడు ప్రశ్నల మీదే కథలల్లుతుంది. ఒక్కో సినిమా ఒక్కో నమూనా జీవితం. రెండు గంటలు తొడుక్కుని చూసి, నచ్చితే ఒక ముక్క ఉంచుకుని, నచ్చకపోతే వదిలేయొచ్చు.

మార్విన్ జుకర్‌మన్ అనే శాస్త్రవేత్త 1960ల నుంచి కొత్తదనం కోసం, ఉద్వేగం కోసం తహతహలాడే స్వభావాన్ని కొలుస్తూ వచ్చాడు. ఆ తహతహ కౌమారం చివర్లో, ఇరవైల మొదట్లో శిఖరానికి చేరి, వయసుతోపాటు తగ్గుతుందని తేలింది. పెద్ద తెర, పెద్ద శబ్దం, వేగం, ప్రమాదం అన్నీ ఆ ఆకలికి భోజనమే, పైగా ఒంటికి దెబ్బ తగలదు.

జ్ఞాపకం సంగతి నాకు ఇంకా ముఖ్యమనిపిస్తుంది. నడివయసు దాటినవాళ్లను జీవితంలో గుర్తున్న సంఘటనలు చెప్పమంటే సుమారు పది నుంచి ముప్పై ఏళ్ల మధ్య జరిగినవే ఎక్కువగా చెప్తారు. ఇష్టమైన పాటలు, సినిమాలు అడిగినా అంతే. ఆ వయసులో చూసినవి మనసులో లోతుగా దిగబడతాయి. అరవై ఏళ్ల మనిషి పాత సినిమా పేరు చెప్పగానే ఎవరితో చూశాడో, ఏ వరుసలో కూర్చున్నాడో కూడా చెప్పేది అందుకే. ప్రకటనదారులు కోరుకునేది కూడా సరిగ్గా ఆ చోటే.

హీరోను సొంత మనిషిలా భావించడం మామూలేనా?

మామూలే. 1956లో డొనాల్డ్ హోర్టన్, రిచర్డ్ వోల్ అనే ఇద్దరు దీనికి 'పారాసోషల్' సంబంధం అని పేరు పెట్టారు. మనం వాళ్లను ఎరుగుదుం, వాళ్లు మనల్ని ఎరగరు, అయినా మనసు దాన్ని స్నేహంగానే లెక్కేస్తుంది. తెర మీద ముఖం ఇరవై అడుగుల ఎత్తున, కంటి తడి కూడా కనిపించేంత దగ్గరగా వచ్చినప్పుడు అలా అనిపించడంలో వింత లేదు. నిజ జీవితంలో అంత దగ్గరగా మనం చూసేది సొంతవాళ్లనే కదా. ఆ అభిమానాన్ని ఎగతాళి చేసేవాళ్లంటే నాకు గిట్టదు. ఎందరో పిల్లలు ఒంటరితనంలో దాన్ని పట్టుకునే నిలబడ్డారు. అదే అభిమానాన్ని సబ్బుకో, స్కూటర్‌కో కట్టి అమ్మడం వేరే విషయం, దాని గురించి కింద మాట్లాడుకుందాం.

జంటలు హారర్ సినిమాలనే ఎందుకు ఎంచుకుంటారు?

1986లో డాల్ఫ్ జిల్‌మన్, మరికొందరు పరిశోధకులు కాలేజీ విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. ఒక్కొక్కరికి పరిచయం లేని అమ్మాయినో అబ్బాయినో తోడిచ్చి భయంకరమైన సినిమా ముక్క చూపించారు. తోడుగా వచ్చినవాళ్లు భయపడాలో, ధైర్యంగా ఉండాలో ముందే చెప్పి పంపారు. పక్కనున్న అమ్మాయి భయపడినప్పుడు అబ్బాయిలకు సినిమా బాగా నచ్చింది. పక్కనున్న అబ్బాయి నిబ్బరంగా ఉన్నప్పుడు అమ్మాయిలకు బాగా నచ్చింది. తెర మీద చూసింది అందరూ ఒకటే. అప్పటి ఆడ, మగ అంచనాల ముద్ర ఆ ఫలితాల మీద ఉందన్నది నిజమే. కానీ సినిమా నచ్చడంలో పక్క సీటుకు ఎంత వాటా ఉందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

సినిమా పరిశ్రమ యువతను ప్రత్యేకంగా ఎప్పటి నుంచి గురిపెట్టింది?

మొదట్లో సినిమా అంటే ఇంటిల్లిపాదికీ. అమెరికాలో హాళ్లు అత్యంత కిటకిటలాడిన ఏడు 1946. ఆ తర్వాత టీవీ ఇళ్లలోకి వచ్చింది, పెళ్లయి పిల్లలున్నవాళ్లు సాయంత్రాలు ఇంట్లోనే ఉండిపోయారు. బయటికి రావాలని ఉబలాటపడేది ఒక్క యువతే. కార్లో కూర్చునే సినిమా చూసే డ్రైవ్-ఇన్ థియేటర్లు 1933లో న్యూజెర్సీలోని క్యామ్‌డెన్‌లో మొదలైనా, నిజంగా వెలిగింది 1950లలో ఈ కుర్రకారు వల్లే.

1950లలో జేమ్స్ నికల్సన్, శామ్యూల్ ఆర్కాఫ్ నడిపిన అమెరికన్ ఇంటర్నేషనల్ పిక్చర్స్ అనే చిన్న సంస్థ దీన్ని ఒక సూత్రంగా మార్చింది. పెద్దపిల్లలు చూసేది చిన్నపిల్లలు చూస్తారు, చిన్నపిల్లలది పెద్దపిల్లలు చూడరు. అబ్బాయిలు చూసేది అమ్మాయిలు చూస్తారు, అమ్మాయిలది అబ్బాయిలు చూడరు. కాబట్టి ఎక్కువమందిని పట్టాలంటే 19 ఏళ్ల అబ్బాయికి గురిపెట్టు. ఎప్పటికీ పెద్దవాడు కాని కథల్లోని పిల్లవాడి పేరు మీద దీన్ని వాళ్లు 'పీటర్ పాన్ సిండ్రోమ్' అన్నారు. వ్యాపారంగా అది పనిచేసింది. కానీ దశాబ్దాల తరబడి అమ్మాయిల కథలు తెర మీద తగ్గిపోవడానికి ఇలాంటి లెక్కలు కూడా ఒక కారణమని నా నమ్మకం. అమ్మాయిలు ఎలాగూ వస్తారులే అనుకుని వాళ్లకోసం ఏమీ తీయకపోవడం అన్యాయం. అది చెడ్డ వ్యాపారం కూడా అని 2023లో అమ్మాయిల కథతో వచ్చిన 'బార్బీ' సినిమా వసూళ్లు చూపించాయి.

1975 జూన్ 20న 'జాస్' ఒకేసారి 400కు పైగా హాళ్లలో, టీవీలో హోరెత్తే ప్రచారంతో విడుదలైంది. అంతకుముందు పెద్ద సినిమాలు కొన్ని నగరాల్లో మొదలై మెల్లగా పాకేవి. దీనితో వేసవి సెలవులు, అంటే విద్యార్థుల ఖాళీ కాలం, హాలీవుడ్‌కు పెద్ద సీజన్‌గా స్థిరపడింది. తర్వాత 1984 జూలై 1న స్టీవెన్ స్పీల్‌బర్గ్ సూచన మీద అమెరికాలో 'పీజీ-13' రేటింగ్ వచ్చింది. పసిపిల్లలకు కాస్త ఎక్కువ, పెద్దవాళ్లకు మాత్రమే అనేంతా కాదు అనే మధ్య మెట్టు అది. భారీ సినిమాలు చాలావరకు ఈ రోజుకీ ఆ మెట్టు మీదే నిలబడటానికి చూస్తాయి, ఎందుకంటే కుర్రవాళ్లెవరినీ గేటు బయట ఆపక్కర్లేదు.

యువత దగ్గర డబ్బే ఉండదు కదా, ప్రకటనదారులు వాళ్ల వెంట ఎందుకు పడతారు?

జీతం తక్కువే, కానీ బరువులూ తక్కువే. ఇంటి అప్పు, పిల్లల ఫీజులు లేని మనిషి చేతిలో వెయ్యి ఉంటే అందులో తనిష్టానికి ఖర్చు పెట్టగలిగేది ఎక్కువ. ఇంకా పెద్ద కారణం, అది మొదటిసారి కొనే వయసు. మొదటి బ్యాంకు ఖాతా, మొదటి బండి, మొదటి జీతంతో కొన్న ఫోన్, సొంతంగా ఎంచుకున్న షాంపూ. అంతవరకు ఇంట్లో అమ్మానాన్నలు తెచ్చింది వాడినవాళ్లు ఇప్పుడు తమ చేత్తో ఎంచుకుంటున్నారు. ఒకసారి అలవాటైన బ్రాండ్‌ను మార్చడానికి మనిషి బద్ధకిస్తాడు. బ్యాంకు ఖాతానే చూడండి, ఎన్నిసార్లు మార్చి ఉంటారు?

పైగా వీళ్లు దొరకడం కష్టం. టీవీ తక్కువ చూస్తారు, పత్రిక తిరగేయరు, ఆన్‌లైన్‌లో యాడ్ రాగానే 'స్కిప్' మీదకి వేలు వెళ్తుంది, కొందరు యాడ్ బ్లాకర్లు పెట్టుకుంటారు. దొరకని మనిషి దొరికే చోటికి ధర పెరుగుతుంది.

టీవీ యాడ్ కన్నా హాలు యాడ్‌కు బలం ఎక్కువంటారు. నిజమేనా?

ఒక్కో మనిషి మీద పడే ప్రభావం వరకు చూస్తే చాలావరకు నిజమే. చీకటి, కళ్లనిండా తెర, చుట్టూ శబ్దం, ముందుకే తిరిగి ఉన్న సీటు. రిమోట్ లేదు, స్కిప్ లేదు. ఇంకోటి, హాల్లో కూర్చున్న మనిషి మూడ్ బాగుంటుంది. ఇష్టపడి, డబ్బు పెట్టి, స్నేహితులతో వచ్చాడు, కాసేపట్లో ఇష్టమైనది మొదలవబోతోంది. ఎదురుచూపులో ఉన్న మనసు వాకిలి తెరిచి ఉంటుంది. ఏదైనా మళ్లీ మళ్లీ కనిపిస్తే చాలు, దాని మీద ఇష్టం కాస్త పెరుగుతుందని రాబర్ట్ జయాంక్ 1968లో చూపించాడు. ఆ కనిపించడం మంచి మూడ్‌లో జరిగితే బ్రాండ్‌కు అంతకన్నా కావాల్సిందేముంది.

అమ్మేవాళ్లు దాచే సంగతి కూడా చెప్పాలి. యాడ్స్ టైముకు చాలా హాళ్లలో లైట్లు సగం వెలుగుతూనే ఉంటాయి. సగం మంది సీట్లు వెతుక్కుంటుంటారు, మిగతావాళ్లు ఫోన్ చూస్తుంటారు. యాడ్స్ నడుస్తాయని తెలిసి కావాలనే ఆలస్యంగా వచ్చేవాళ్లూ ఉన్నారు. అమ్ముడైన ప్రతి టికెట్టూ యాడ్ చూసిన ఒక జత కళ్లుగా లెక్కేస్తే మోసపోతారు. ప్రపంచం మొత్తం మీద ప్రకటనల ఖర్చులో సినిమా హాళ్ల వాటా ఒక శాతం కూడా ఉండదు. మందు బలమైనదే, కానీ అందేది కొద్దిమందికి, ఖరీదు ఎక్కువ, హిట్ సినిమా లేని నెలల్లో హాలే ఖాళీ.

హాల్లో యాడ్స్ ఎప్పుడు మొదలయ్యాయి?

దాదాపు సినిమాతోపాటే. లూమియేర్ సోదరులు పారిస్‌లోని గ్రాండ్ కఫేలో టికెట్ పెట్టి మొదటి ప్రదర్శన ఇచ్చింది 1895 డిసెంబర్ 28న. ఆ మరుసటి ఏడే స్విట్జర్లాండ్‌లో లవాన్షీ-క్లార్క్ అనే వ్యాపారి ఆడవాళ్లు బట్టలుతుకుతున్న దృశ్యం తీశాడు, పక్కనే సన్‌లైట్ సబ్బు పెట్టెలు కనబడేట్టు. ఆయన ఆ సబ్బు కంపెనీకి, లూమియేర్ల సినిమా యంత్రానికి రెండింటికీ ఆ దేశంలో ప్రతినిధి. 1897లో ఎడిసన్ సంస్థ అడ్మిరల్ సిగరెట్ల కోసం నేరుగా ఒక యాడ్ ఫిల్మ్ తీసింది. కాబట్టి ఒకప్పుడు సినిమా స్వచ్ఛంగా ఉండేది, తర్వాత వ్యాపారం చొరబడింది అనే మాట చరిత్ర ముందు నిలవదు.

అడ్వర్టైజింగ్ రంగంలో పెద్ద పండుగగా చెప్పుకునే కాన్ లయన్స్ కూడా హాల్లోంచి పుట్టిందే. థియేటర్లలో యాడ్స్ వేసే కాంట్రాక్టర్లు తమ పనికి గుర్తింపు కావాలని 1954లో వెనిస్‌లో మొదలుపెట్టారు. ఆ బహుమతి సింహం వెనిస్‌లోని సెయింట్ మార్క్ చౌక్ సింహమే.

యాడ్ హాలుకు ఎలా చేరుతుంది? ఎవరు అమ్ముతారు?

సాధారణంగా థియేటర్ యజమాని నేరుగా అమ్మడు. మధ్యలో స్క్రీన్ టైమ్ కొని అమ్మే సంస్థలుంటాయి. బ్రిటన్‌లో 1953 నుంచి ఉన్న పర్ల్ అండ్ డీన్, ఆస్ట్రేలియాలో వాల్ మోర్గన్, అమెరికాలో నేషనల్ సినీమీడియా అలాంటివే.

రీళ్ల కాలంలో ఇది ఒళ్లు హూనమయ్యే పని. 35 ఎంఎం ఫిల్మ్ సెకనుకు 24 ఫ్రేముల చొప్పున నిమిషానికి 90 అడుగులు తిరుగుతుంది. అంటే 30 సెకన్ల యాడ్ 45 అడుగుల ఫిల్మ్ ముక్క. అది వంద హాళ్లకు వంద ప్రింట్లు. ప్రొజెక్టర్ గదిలో ఆ ముక్కలన్నీ అతికించి, వారం తిరగ్గానే మళ్లీ కోసి, కొత్తవి అతికించేవారు. అంత ఖర్చు భరించలేని చిన్న వ్యాపారులకు కదలని స్లైడే దిక్కు. 2005లో హాలీవుడ్ స్టూడియోలు డిజిటల్ సినిమాకు ఉమ్మడి సాంకేతిక ప్రమాణం విడుదల చేశాక కథ మారిపోయింది. యాడ్ ఇప్పుడు ఒక ఫైలు. పొద్దున ఆటకు ఒకటి, రాత్రి ఆటకు ఇంకొకటి వేయొచ్చు. కుర్రాళ్లు వచ్చే సినిమాకు ఒకటి, కుటుంబాలు వచ్చే సినిమాకు ఇంకొకటి వేయొచ్చు. యువతను 'ఏరి' పట్టడం నిజంగా సాధ్యమైంది అప్పటి నుంచే.

కొనే పద్ధతులు ముఖ్యంగా రెండు. ఫలానా హాళ్లలో ఇన్ని వారాలు అని కొనొచ్చు, లేదా ఫలానా సినిమా ఎక్కడ ఆడితే అక్కడ మన యాడ్ పడాలి అని కొనొచ్చు. యువత కావాలంటే రెండోదే మంచిది. ఇక స్థానం సంగతి. సినిమా మొదలయ్యే ముందు అన్నిటికన్నా చివర పడే యాడ్‌కే ధర ఎక్కువ, ఎందుకంటే అప్పటికి అందరూ కూర్చుని ఉంటారు, లైట్లు ఆరి ఉంటాయి.

కథలోనే కనిపించే వస్తువుల సంగతేమిటి?

నా దృష్టిలో అసలు విషయం ఇదే. సినిమాకు ముందు వచ్చే యాడ్‌ను యాడ్ అని అందరూ గుర్తుపడతారు, మనసు కాస్త జాగ్రత్తపడుతుంది. కథలో హీరో చేతిలోని వస్తువుకు ఆ జాగ్రత్త వర్తించదు. కథలో మునిగిపోయిన మనిషి తర్కం తీసి పక్కన పెడతాడని, ఆ కథలోని నమ్మకాలను తనవిగా చేసుకుంటాడని మెలనీ గ్రీన్, తిమోతీ బ్రాక్ 2000లో ప్రయోగాలతో చూపించారు.

అందరూ చెప్పే ఉదాహరణ 1982 నాటి 'ఈ.టీ.' ఆ సినిమాలో పిల్లవాడు మిఠాయిలు పరిచి గ్రహాంతరవాసిని మచ్చిక చేసుకుంటాడు. మొదట అడిగిన కంపెనీ వద్దంది. హర్షీ సంస్థ ఒప్పుకుంది, తన 'రీసెస్ పీసెస్' ప్రచారంలో సినిమాను కూడా ప్రచారం చేస్తానంది. అమ్మకాలు ఒక్కసారిగా పెరిగాయి. 1995లో జేమ్స్ బాండ్ 'గోల్డెన్ ఐ'లో బీఎండబ్ల్యూ జెడ్3 కారు కనిపించేది కొద్దిసేపే. కానీ కారు మార్కెట్లోకి రావడం, సినిమా రావడం ఒకదానికొకటి ఊతమిచ్చేట్టు ప్రచారం నడిపారు.

ఇందులో ఎప్పుడూ డబ్బే చేతులు మారుతుందనుకోకండి. చాలాసార్లు వస్తువులు ఉచితంగా ఇస్తారు, లేదా తమ యాడ్స్‌లో సినిమా పేరు మోస్తారు. నిర్మాతకు ఖర్చు తగ్గుతుంది, కంపెనీకి తెర దొరుకుతుంది.

ఎలా పెడితే పనిచేస్తుంది అన్నదానిపై క్రిస్టెల్ రసెల్ 2002లో చేసిన పరిశోధన ఆసక్తికరం. కథకు అతకకుండా పొడుచుకొచ్చిన బ్రాండ్ బాగా గుర్తుంటుంది, కానీ దాని మీద ఇష్టం పెరగదు, అనుమానం పుడుతుంది. కథలో సహజంగా కలిసిపోయినది అంతగా గుర్తుండకపోయినా ఇష్టాన్ని పెంచుతుంది. 2004లో బ్రిటన్‌లో పిల్లల మీద సూసన్ ఆటీ, చార్లీ లూయిస్ చేసిన పరిశోధనలోనూ ఇలాంటిదే కనిపించింది. పెప్సీ ఉన్న సినిమా దృశ్యం చూసిన పిల్లలు తర్వాత పెప్సీనే ఎక్కువగా ఎంచుకున్నారు, ఆ దృశ్యంలో పెప్సీ ఉందని గుర్తున్నవాళ్లూ, గుర్తులేనివాళ్లూ కూడా. "నా మీద యాడ్స్ పనిచేయవు" అనే ప్రతి ఒక్కరూ ఆ చివరి మాట దగ్గర కాసేపు ఆగాలని నా కోరిక.

కంటికి కనబడని సందేశాలు తెర మీద మెరిపిస్తారని విన్నాను. నిజమా?

ఆ కథకు మూలం 1957. జేమ్స్ వికరీ అనే మార్కెట్ పరిశోధకుడు అమెరికాలో ఒక హాల్లో సెకనులో మూడు వేలవ వంతు సేపు "పాప్‌కార్న్ తినండి", "కోకకోలా తాగండి" అని మెరిపించానని, అమ్మకాలు పెరిగాయని ప్రకటించాడు. జనం హడలిపోయారు. మళ్లీ చేసి చూపించమంటే ఫలితం రాలేదు. 1962లో అతనే ఒక పత్రికతో మాట్లాడుతూ, చెప్పుకోదగ్గంత సమాచారం తన దగ్గర లేదని ఒప్పుకున్నాడు. అయినా ఆ పుకారు ఇంకా చావలేదు. కనబడని సందేశాల గురించి టెన్షన్ పడక్కర్లేదు. ఎదురుగా కనిపిస్తున్నవే సరిపోయినంత పని చేస్తున్నాయి.

సినిమాల్లో సిగరెట్ చూసి యువత నిజంగా మొదలుపెడతారా?

మొదలుపెడతారు. 2012లో అమెరికా సర్జన్ జనరల్ (ప్రజారోగ్యం మీద ప్రభుత్వం తరఫున మాట్లాడే ప్రధాన వైద్యాధికారి) నివేదిక అన్ని ఆధారాలూ పరిశీలించి, సినిమాల్లో పొగ తాగే దృశ్యాలకూ యువత అలవాటు మొదలుపెట్టడానికీ కార్యకారణ సంబంధం ఉందని తేల్చింది. "సంబంధం ఉండొచ్చు" అని కాదు, "కారణం" అనే అంది. సిగరెట్ కంపెనీలకు ఆ సంగతి ముందే తెలుసు. 1989 నాటి బాండ్ సినిమా 'లైసెన్స్ టు కిల్'లో తమ సిగరెట్ కనిపించడానికి ఫిలిప్ మోరిస్ సంస్థ 3,50,000 డాలర్లు ఇచ్చింది. 1998లో అమెరికా రాష్ట్రాలతో కుదిరిన ఒప్పందంలో అలా డబ్బిచ్చి చూపించడాన్ని ఆ కంపెనీలు మానుకోవాల్సి వచ్చింది.

ఈ విషయంలో నేను మధ్యేమార్గంగా మాట్లాడలేను. సిగరెట్ అలవాటు ఎక్కువమందికి ఇరవై ఆరు ఏళ్లలోపే పడుతుంది. కొత్త వినియోగదారులు కావాలంటే కంపెనీలు వెళ్లాల్సింది ఆ వయసు దగ్గరికే. హీరో స్టైల్‌గా వెలిగించిన ఆ ఒక్క క్షణానికి మూల్యం చెల్లించేది వెనక వరుసలో ఉన్న పంతొమ్మిదేళ్ల పిల్లవాడు, అదీ ముప్పై ఏళ్ల తర్వాత.

నియమాలు ఏమీ లేవా?

ఉన్నాయి, దేశానికో రకంగా. ఉదాహరణకు బ్రిటన్‌లో మద్యం యాడ్ వేయాలంటే ఆ సినిమా ప్రేక్షకుల్లో కనీసం 75 శాతం మంది 18 ఏళ్లు దాటినవాళ్లై ఉండాలి. సినిమాకు ముందు వచ్చే యాడ్స్‌కు ఇలాంటి కట్టుబాట్లు చాలాచోట్ల ఉన్నాయి. కథలో కలిపిన ప్రకటనలకు మాత్రం అంత పట్టింపు కనబడదు. వాటికే ఎక్కువ అవసరమని నేననుకుంటాను.

యువత హాలుకు దూరమవుతున్నారా?

2020లో కరోనాతో హాళ్లు మూతపడ్డప్పుడు చాలామంది ఇక అయిపోయిందన్నారు. మళ్లీ తెరిచాక ముందుగా వచ్చింది కుర్రకారే. 2022 జూలైలో 'మినియన్స్' సినిమాకు గుంపులు గుంపులుగా కుర్రాళ్లు సూట్లు వేసుకుని వెళ్లి టిక్‌టాక్‌లో పెట్టారు. అల్లరి ఎక్కువైందని బ్రిటన్‌లో కొన్ని హాళ్లు సూట్లు వేసుకున్న గుంపులను లోపలికి రానివ్వలేదు. 2023 జూలై 21న 'బార్బీ', 'ఓపెన్‌హైమర్' ఒకే రోజు విడుదలైతే రెండూ వరసగా చూడటాన్ని యువత సొంత పండుగగా మార్చుకున్నారు. ఆ ఊపు ఏ స్టూడియో వేసిన పథకమూ కాదు, నెట్‌లో వాళ్లే పుట్టించారు.

మారింది ఏమిటంటే, వారం వారం అలవాటుగా వెళ్లడం తగ్గింది, ఎంచుకున్న సినిమాకు పండుగలా వెళ్లడం పెరిగింది. ప్రకటనదారుకు దీంతో కొత్త లాభం వచ్చింది. లాబీలో నిలబెట్టిన బొమ్మ పక్కన సెల్ఫీ దిగి పోస్ట్ చేసే ప్రతి కుర్రాడూ ఆ ప్రచారాన్ని జీతం లేకుండా మోస్తున్నాడు. సరదాగా చేస్తే తప్పేం లేదు. తెలిసి చేస్తున్నాడా అన్నదే నా ప్రశ్న.

మొదటిసారి హాల్లో యాడ్ ఇస్తున్నాను, యువతకు చేరాలంటే ఏం చూసుకోవాలి?

టీవీ యాడ్‌నో ఫోన్ యాడ్‌నో అలాగే తెచ్చి వేయకండి. ఫోన్‌లో చురుగ్గా అనిపించే వేగమైన కట్స్ పెద్ద తెర మీద తల తిప్పుతాయి. శబ్దం మీద ఖర్చు పెట్టండి, హాలుకున్న అసలు బలం అది. అలాగని చెవులు పగలగొట్టొద్దు. యాడ్స్ శబ్దానికి పరిశ్రమలో 82 డెసిబెల్స్ హద్దు ఉంది, దాన్ని 'ఎల్ఈక్యూ-ఎం' అనే పద్ధతిలో కొలుస్తారు. ట్రైలర్లకు అది 85. యువత భాషను అరువు తెచ్చుకుని మాట్లాడబోకండి, అది అతకదు, హాల్లో వాళ్లు బిగ్గరగానే నవ్వేస్తారు. చిన్న కథ చెప్పగలిగితే చెప్పండి. చెప్పలేకపోతే అందమైన ఒక్క దృశ్యం చూపించి తప్పుకోండి. అదే యాడ్ అదే మనుషులకు నెలలో మూడోసారి పడితే విసుగొస్తుందని గుర్తుంచుకుని, రెండు మూడు రూపాలు సిద్ధం చేసుకోండి.

తెర మీద కనిపించిన బ్రాండ్ డబ్బిచ్చి వచ్చిందో, కథ అవసరానికి వచ్చిందో ఎలా తెలుస్తుంది?

చూడగానే చెప్పడం కష్టం. 2000లో వచ్చిన 'కాస్ట్ అవే' సినిమా మొదటి నుంచి చివరి దాకా ఫెడెక్స్ అనే కొరియర్ సంస్థ చుట్టూ తిరుగుతుంది. అయినా ఆ సంస్థ అందుకోసం డబ్బివ్వలేదు, తన ప్రాంగణాలు వాడుకోనిచ్చింది, అప్పటి సంస్థ అధిపతి ఫ్రెడ్ స్మిత్ తెర మీద తన సొంత పాత్రలోనే కనిపించాడు. మరోవైపు మీరు గమనించనే గమనించని ఒక వాచీ వెనక పెద్ద ఒప్పందం ఉండొచ్చు.

కొన్ని గుర్తులు మాత్రం ఉన్నాయి. సీసా లేబుల్ ప్రతి షాట్‌లోనూ సూటిగా కెమెరా వైపే తిరిగి ఉందా? మామూలుగా మనం "కారు" అనే చోట పాత్ర కంపెనీ పేరు, మోడల్ పేరు పూర్తిగా పలికిందా? కథకు పనిలేకపోయినా లోగో మీద కెమెరా ఒక సెకను ఎక్కువ ఆగిందా? సినిమా అయిపోయాక అందరూ లేచి వెళ్తున్నప్పుడు చివరి పేర్లు కాసేపు కూర్చుని చూడండి. సాంకేతిక నిపుణుల పేర్లన్నీ దాటాక, పాటల వివరాల దగ్గర్లో, కృతజ్ఞతలంటూ చిన్న అక్షరాల్లో ఒక కంపెనీల జాబితా వస్తుంది. అందులో కనీసం రెండు మూడు పేర్లు మీరు ఇప్పుడే కథలో చూసినవై ఉంటాయి.